భాగం - 9: పునరుద్ధరించిన క్రీడా మైదానం - బ్రాడెంటన్ సందర్శన

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 విషయ పరిచయం
9.2 వసంతకాల శిక్షణ అంటే ఏమిటి?
9.3 బ్రాడెంటన్ మైదానం: చరిత్ర
9.4 పునరుద్ధరణ: ఏది మారింది, ఏది మిగిలింది?
9.5 ఆట రోజున మైదాన సందర్శన
9.6 ఖర్చు ఎవరిది? లాభం ఎవరికి?
9.7 జట్టు వెళ్ళిపోయిన ఊరు: వీరో బీచ్
9.8 సారాంశం
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• అమెరికా బేస్‌బాల్‌లో వసంతకాల శిక్షణకు ఉన్న స్థానాన్ని వివరించగలుగుతారు.
• ఒక పాత మైదానాన్ని పునరుద్ధరించినప్పుడు ఏమి మారుతుందో, ఏమి మిగులుతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• క్రీడా మైదానాల మీద ప్రజాధనం ఖర్చు చేయడంలో ఉన్న లాభనష్టాలను చర్చించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఏ మైదానాన్నైనా పర్యాటక విద్యార్థి దృష్టితో పరిశీలించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

వారసత్వ స్థలం అనగానే మనకు కోటలు, ఆలయాలు, రాజభవనాలు గుర్తుకు వస్తాయి. ఆటస్థలం అంత తొందరగా గుర్తుకు రాదు. కాని కొన్ని మైదానాలు మూడు నాలుగు తరాల జ్ఞాపకాలను మోస్తూ ఉంటాయి. తాత చూసిన ఆటను అదే చోట మనవడు చూస్తాడు. అటువంటి మైదానం పాతబడినప్పుడు ఊరి ముందు మూడు దారులు ఉంటాయి: కూల్చివేసి వేరొక చోట కొత్తది కట్టడం, ఉన్నదాన్ని అలాగే వదిలివేయడం, ఉన్న చోటనే బాగుచేసుకోవడం. మూడవదానినే పునరుద్ధరణ అంటాం.

పునరుద్ధరణ ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు మాత్రమే సంబంధించిన పని కాదు. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి, డబ్బు ఎవరు పెట్టాలి అనే ప్రశ్నలకు ఊరు ఇచ్చుకునే సమాధానం అది. అందువల్ల పునరుద్ధరించిన మైదానానికి వెళ్ళిన సందర్శకుడు కొత్త కుర్చీలను, రంగులను చూసి తిరిగి వస్తే సగమే చూసినట్లు. మిగిలిన సగాన్ని చూడటం ఎలాగో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న బ్రాడెంటన్ మైదానం ఆధారంగా ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 వసంతకాల శిక్షణ అంటే ఏమిటి?

అమెరికాలో బేస్‌బాల్ అత్యున్నత స్థాయి పోటీలను మేజర్ లీగ్ అంటారు. ఇందులో 30 జట్లు ఉన్నాయి. వీటి అసలు పోటీలు మార్చి చివరలో మొదలై శరదృతువు వరకు సాగుతాయి. పోటీలకు ముందు ఆటగాళ్ళు ఒళ్ళు వంచి సాధన చేయాలి. అయితే ఫిబ్రవరిలో ఉత్తరాది నగరాలు మంచుతో కప్పబడి ఉంటాయి. అందుకని జట్లు వెచ్చని దక్షిణ ప్రాంతాలకు తరలివెళ్ళి అక్కడ శిక్షణ పొందుతాయి. దీనినే వసంతకాల శిక్షణ అంటారు.

నేడు 15 జట్లు ఫ్లోరిడాలోనూ, 15 జట్లు అరిజోనాలోనూ శిక్షణ పొందుతున్నాయి. ఆయా ప్రాంతాల్లో పండే పంపరపనస జాతి పండు పేరున ఫ్లోరిడా జట్ల సముదాయాన్ని గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అనీ, ఎడారి మొక్క పేరున అరిజోనా జట్ల సముదాయాన్ని కాక్టస్ లీగ్ అనీ పిలుస్తారు. ఫిబ్రవరి మధ్యలో ముందుగా పిచ్చర్లు, క్యాచర్లు చేరుకుంటారు. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు. క్యాచర్ అంటే బ్యాట్ పట్టినవాడి వెనుక కూర్చుని ఆ బంతిని అందుకునేవాడు. కొద్ది రోజులకు మిగిలినవారు వస్తారు. ఫిబ్రవరి చివరి నుంచి దాదాపు నెల రోజులపాటు జట్లు ఒకదానితో ఒకటి సన్నాహక ఆటలు ఆడతాయి.

ఈ ఆటల్లో గెలుపోటములు అసలు పోటీల పట్టికలోకి ఎక్కవు. కాని ఆడేవాళ్ళలో చాలామందికి ఇది బ్రతుకుతెరువు ప్రశ్న. జట్టులో చోటు కోసం పోటీపడే కొత్త కుర్రవాళ్ళు, గాయం నుంచి కోలుకుని వచ్చినవాళ్ళు, వయసు మీదపడిన పాత ఆటగాళ్ళు ఇక్కడే తమను తాము నిరూపించుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
వసంతకాల శిక్షణ ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాల్లోనే జరగటానికి కారణం ఏమిటి?

9.3 బ్రాడెంటన్ మైదానం: చరిత్ర

బ్రాడెంటన్ ఫ్లోరిడా పడమటి తీరంలో, టాంపా అఖాతానికి దక్షిణాన, మనాటీ నది ఒడ్డున ఉన్న ఒక మోస్తరు పట్టణం. ఇక్కడి మైదానం 1923లో ఏర్పడింది. నేటికీ వసంతకాల శిక్షణకు వాడుతున్న మైదానాల్లో ఇదే అత్యంత పాతది. మొదట సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు ఇక్కడ శిక్షణ పొందింది. ఆ తరువాత పలు జట్లు వచ్చి వెళ్ళాయి. 1969 నుంచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు ఇదే వసంతకాలపు ఇల్లు.

1962లో ఈ మైదానానికి బిల్ మెకెక్నీ పేరు పెట్టారు. ఆయన బ్రాడెంటన్ నివాసి. మేనేజర్‌గా 1925లో పిట్స్‌బర్గ్ జట్టునూ, 1940లో సిన్సినాటి జట్టునూ వరల్డ్ సిరీస్ విజేతలుగా నిలిపినవాడు. 2017లో ఒక వైద్య విద్యాసంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ పేరు పోయి లీకామ్ పార్క్ అనే పేరు వచ్చింది. ఊరి పెద్దమనిషి పేరు స్థానంలో డబ్బు చెల్లించిన సంస్థ పేరు రావడం అమెరికా క్రీడా మైదానాల్లో చాలాచోట్ల కనిపించే మార్పే.

ఈ చరిత్రలో పాఠ్యపుస్తకం దాటవేయకూడని భాగం ఒకటి ఉంది. 1950లలో మిల్వాకీ బ్రేవ్స్ జట్టు బ్రాడెంటన్‌లో శిక్షణ పొందేది. 1954లో ఆ జట్టుతో ఇక్కడికి వచ్చిన యువకుల్లో హాంక్ ఆరన్ ఒకడు. తరువాతి కాలంలో 755 హోమ్ రన్‌లు కొట్టి, బేబ్ రూత్ పేరున ఉన్న రికార్డును దాటిన మహా ఆటగాడు ఆయన. ఆనాటి ఫ్లోరిడాలో జాతి వివక్ష చట్టబద్ధంగా అమలులో ఉండేది. తెల్లజాతి ఆటగాళ్ళు హోటల్‌లో దిగితే, ఆరన్ వంటి నల్లజాతి ఆటగాళ్ళు ఊళ్ళోని నల్లజాతి కుటుంబం ఇంట బస చేయవలసి వచ్చేది. మైదానంలో ఒకే జట్టు. ఆట ముగిశాక రెండు దారులు. 1961 ప్రాంతంలో ఈ వేర్పాటు మీద ఆటగాళ్ళ నుంచి, పౌరహక్కుల కార్యకర్తల నుంచి బహిరంగ నిరసన వచ్చిన తరువాతనే జట్లు అందరినీ ఒకేచోట ఉంచడం మొదలుపెట్టాయి.

అదే ఊళ్ళో 1971 వసంతంలో సాధన చేసిన పైరేట్స్ జట్టు, ఆ సంవత్సరం సెప్టెంబరు 1న తొమ్మిదిమందీ నల్లజాతి, లాటిన్ అమెరికా ఆటగాళ్ళే ఉన్న జట్టును బరిలోకి దించింది. మేజర్ లీగ్ చరిత్రలో అది మొదటిసారి. ఆ తొమ్మిదిమందిలో ప్యూర్టో రికోకు చెందిన రాబర్టో క్లెమెంటే కూడా ఉన్నాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా ఆ జట్టే గెలిచింది. ఆరన్ తొలిసారి వచ్చిన నాటికీ దీనికీ మధ్య 17 సంవత్సరాలు మాత్రమే.

మనదేశానికి కూడా ఈ ఊరితో చిన్న సంబంధం ఉంది. వేగంగా, గురి తప్పకుండా బంతి విసరగలవారి కోసం భారతదేశంలో జరిపిన ఒక టెలివిజన్ పోటీ ద్వారా ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ యువకులతో 2008 నవంబరులో పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవారు. బేస్‌బాల్ వారికి కొత్త. 2009లో బ్రాడెంటన్ కేంద్రంగా ఉన్న పైరేట్స్ శిక్షణ జట్టు తరఫున వారు ఆడారు. ఈ రింకూ సింగ్, మనం ఇప్పుడు క్రికెట్‌లో చూస్తున్న రింకూ సింగ్ ఒకరు కారని గమనించండి.

9.4 పునరుద్ధరణ: ఏది మారింది, ఏది మిగిలింది?

1923 నాటి మైదానం అన్నంత మాత్రాన 1923 నాటి కట్టడం అలాగే ఉందని అనుకోకూడదు. ఇక్కడి పునరుద్ధరణ ఒక్కసారిగా జరిగింది కాదు, విడతలవారీగా జరిగింది.

(అ) 1993: ప్రేక్షకులు కూర్చునే భాగాన్ని చాలావరకు కొత్తగా కట్టారు. ఫ్లోరిడాలో స్పానిష్ మిషన్ శైలి అని పిలిచే తెల్లని గోడలు, కమానుల రూపం ముఖద్వారానికి ఇచ్చారు.

(ఆ) 2008: ఫ్లడ్‌లైట్లు అమర్చారు. అంతవరకు ఇక్కడ పగటి ఆటలే జరిగేవి.

(ఇ) 2012-13: దాదాపు కోటి డాలర్ల వ్యయంతో పెద్దఎత్తున మార్పులు చేశారు. కుర్చీలు మార్చారు. మైదానం వెనుక అంచు వెంబడి చెక్కబాట నిర్మించారు. మొత్తం సామర్థ్యం సుమారు 8,500కు పెరిగింది.

వీటిలో చెక్కబాటను ప్రత్యేకంగా గమనించాలి. బేస్‌బాల్ మైదానం విచ్చుకున్న విసనకర్ర ఆకారంలో ఉంటుంది. పిడి దగ్గర బ్యాట్ పట్టినవాడు నిలబడతాడు. ప్రేక్షకులు ఎక్కువగా ఆ పిడికి రెండువైపులా కూర్చుంటారు. విసనకర్ర అంచు దగ్గర, అంటే దూరపు గోడ వెనుక, మునుపు నడవడానికి వీలుండేది కాదు. చెక్కబాట వచ్చిన తరువాత ప్రేక్షకుడు మైదానం చుట్టూ తిరగవచ్చు. ఎక్కడ నచ్చితే అక్కడ నిలబడి ఆట చూడవచ్చు. కుర్చీకి అతుక్కుపోయే ప్రేక్షకుడిని తిరుగాడే సందర్శకుడిగా మార్చడం ఈనాటి మైదాన నిర్మాణంలో ముఖ్యమైన ధోరణి. తిరిగేవాడు ఎక్కువసేపు ఉంటాడు, ఎక్కువ కొంటాడు అన్న వ్యాపార దృష్టి కూడా ఇందులో ఉంది.

ఇక మిగిలినది ఏమిటి? మొదటిది, స్థలం. పట్టణం వెలుపల విశాలమైన చోటికి తరలించకుండా, ఇళ్ళ మధ్య ఉన్న పాత చోటనే ఉంచారు. రెండవది, పరిమాణం. మేజర్ లీగ్ నగరాల్లోని పెద్ద స్టేడియంలలో దాదాపు 40,000 మంది పడతారు. ఇక్కడ అందులో అయిదోవంతు. చివరి వరుసలో కూర్చున్నా బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. కట్టడం కొత్తదే అయినా స్థలమూ, పరిమాణమూ మారకపోవడం వల్లనే జనం దీనిని పాత మైదానంగా గుర్తిస్తున్నారు.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
"కట్టడం మారినా మైదానం పాతదే" అనే మాటను బ్రాడెంటన్ ఉదాహరణతో సమర్థించండి.

9.5 ఆట రోజున మైదాన సందర్శన

మీ బంధువులో స్నేహితులో టాంపా ప్రాంతంలో ఉంటే, మార్చిలో అక్కడికి వెళ్ళే అవకాశం మీకు ఎప్పుడైనా రావచ్చు. బేస్‌బాల్ నియమాలన్నీ తెలియకపోయినా పరవాలేదు. ఏయే విషయాలు చూడాలో తెలిస్తే చాలు.

ముందుగా పరిసరాలు. మైదానం ఇళ్ళ మధ్య ఉన్నందువల్ల చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, దుకాణాలవాళ్ళు తమ ఖాళీ స్థలంలో రుసుము తీసుకుని కార్లు పెట్టుకోనిస్తారు. జాతర రోజుల్లో మన ఊళ్ళలో సైకిళ్ళు, బండ్లు పెట్టుకోనిచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకునే పద్ధతే ఇది. మైదానం ఊళ్ళో ఉండటం వల్ల ఆదాయం కొంత నేరుగా సామాన్యుల చేతికి చేరుతుంది.

తరువాత ద్వారం. సీటు చూపించేవారిలో, దారి చెప్పేవారిలో చాలామంది స్వచ్ఛంద సేవకులు. వారిలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవారు. ఏటా అదే పని కోసం ఎదురుచూసేవారు వారిలో ఉంటారు. ఊరికీ జట్టుకూ మధ్య బంధం ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే వారితో రెండు నిమిషాలు మాట్లాడితే చాలు.

ఆట మొదలు కావటానికి గంట ముందే లోపలికి వెళ్ళడం మంచిది. ఆటగాళ్ళ సాధనను అప్పుడే దగ్గరగా చూడగలం. కంచె దగ్గర నిలబడిన పిల్లలకు ఆటగాళ్ళు బంతుల మీద సంతకాలు చేసి ఇవ్వడం కనిపిస్తుంది.

ఆటలో గమనించవలసినది ఒకటుంది. పేరున్న ఆటగాళ్ళు సాధారణంగా ఆట సగం వరకు ఉండి తప్పుకుంటారు. తరువాత చొక్కా మీద 80, 90 వంటి పెద్ద సంఖ్యలున్న కుర్రవాళ్ళు దిగుతారు. చాలామంది ప్రేక్షకులు అప్పుడే లేచి వెళ్ళిపోతారు. కాని వసంతకాల శిక్షణ అసలు స్వరూపం తెలిసేది అప్పుడే. ఆ కుర్రవాడికి ఆ ఒక్క బంతి కొన్ని సంవత్సరాల శ్రమకు పరీక్ష. తొమ్మిది ఇన్నింగ్స్‌ల తరువాత స్కోర్లు సమానంగా ఉంటే మామూలుగా ఆటను అంతటితో ఆపివేస్తారు. ఎవరూ పెద్దగా బాధపడరు.

9.6 ఖర్చు ఎవరిది? లాభం ఎవరికి?

ఫ్లోరిడాలో ఇటువంటి మైదానాల్లో చాలావరకు నగరం లేదా కౌంటీ ఆస్తులు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా వంటి పాలనా విభాగం. జట్టు యజమానులు మైదానాన్ని దీర్ఘకాలిక ఒప్పందం మీద వాడుకుంటారు. పునరుద్ధరణ ఖర్చును జట్టు, నగరం, కౌంటీ, రాష్ట్రం పంచుకోవడం సాధారణ పద్ధతి. ఉదాహరణకు, టొరంటో బ్లూ జేస్ జట్టు వాడే డనీడిన్ పట్టణ మైదానాన్ని పునరుద్ధరించి 2020లో తిరిగి తెరిచినప్పుడు ఈ నలుగురూ తలా ఒక చేయి వేశారు.

కౌంటీ వాటాకు ముఖ్యమైన ఆధారం పర్యాటక అభివృద్ధి పన్ను. హోటల్ గదులు, ఆరు నెలలకు మించని అద్దె ఇళ్ళు తీసుకున్నవారు ఈ పన్ను చెల్లిస్తారు. వసంతకాల శిక్షణ మైదానాల మీద దీనిని ఖర్చు చేయటానికి రాష్ట్ర చట్టం అనుమతిస్తుంది. "ఈ డబ్బు పర్యాటకులది, మన జేబులోది కాదు" అని దీనిని సమర్థించేవారు అంటారు. "అదే డబ్బుతో సముద్రతీరాన్ని కాపాడుకోవచ్చు కదా" అని వ్యతిరేకించేవారు ప్రశ్నిస్తారు.

లాభాన్ని లెక్కించేటప్పుడు తరచుగా పొరపాటు జరుగుతుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఆటకు 100 మంది వచ్చారు. ఒక్కొక్కరు 50 డాలర్లు ఖర్చు చేశారు. మొత్తం 5,000 డాలర్లు. ఇదంతా ఊరికి వచ్చిన కొత్త ఆదాయమా? కాదు.

• వారిలో 30 మంది ఊరివాళ్ళే అనుకుందాం. ఆట లేకపోతే ఆ డబ్బును వారు సినిమాకో భోజనానికో ఖర్చు చేసేవారు. ఇది ఊళ్ళోనే చేతులు మారిన డబ్బు.
• మరో 40 మంది చలికాలం గడపటానికి ఉత్తరాది నుంచి ముందే వచ్చి ఉన్నవారు అనుకుందాం. వీరిని అక్కడ స్నోబర్డ్స్ అంటారు. ఆట లేకపోయినా వీరు వచ్చేవారే.
• ఆట కోసమే వచ్చినవారు మిగిలిన 30 మంది. కొత్త ఆదాయం 1,500 డాలర్లు మాత్రమే.
• అందులో 40 శాతం బయటి ఊళ్ళలో ఉన్న హోటల్ సంస్థలకో, జట్టు యాజమాన్యానికో వెళ్ళిపోతే ఊళ్ళో మిగిలేది 900 డాలర్లు.

ఈ సంఖ్యలు పద్ధతి అర్థం కావడానికి ఊహించుకున్నవే. అయినా 5,000కూ 900కూ మధ్య ఉన్న తేడా ఎక్కడ పుడుతుందో దీనివల్ల తెలుస్తుంది. మైదానాల మీద పెట్టే ప్రజాధనం అనుకున్నంత ఆదాయాన్ని తిరిగి తేదని క్రీడా ఆర్థికవేత్తలు ఎక్కువమంది చెప్పటానికి కారణం ఇదే. పైగా పెద్ద జట్టు మైదానాన్ని వాడేది సంవత్సరంలో ఒక నెల పైచిలుకు మాత్రమే. బ్రాడెంటన్‌లో 2010 నుంచి మరాడర్స్ అనే చిన్న స్థాయి జట్టు వేసవి పొడవునా ఆడుతోంది. మిగిలిన నెలల్లో మైదానం ఖాళీగా పడి ఉండకుండా చూసుకోవడం ఈ సమస్యకు ఒక పాక్షిక పరిష్కారం.

9.7 జట్టు వెళ్ళిపోయిన ఊరు: వీరో బీచ్

లెక్క ఇలా ఉన్నప్పుడు ఊళ్ళు ఎందుకు డబ్బు పెడుతున్నాయి? దీనికి సమాధానం ఫ్లోరిడా తూర్పు తీరంలోని వీరో బీచ్‌లో దొరుకుతుంది.

1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అక్కడి పాత నౌకాదళ విమాన స్థావరంలో శిక్షణ శిబిరం నెలకొల్పింది. అంతకుముందు సంవత్సరమే జాకీ రాబిన్‌సన్ ఆ జట్టు తరఫున ఆడి మేజర్ లీగ్‌లోని వర్ణ నిషేధాన్ని ఛేదించాడు. బస, భోజనం, సాధన అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నందువల్ల ఊళ్ళో వివక్ష కొనసాగుతున్నా, శిబిరంలో మాత్రం నల్ల, తెల్ల ఆటగాళ్ళు కలిసి ఉండగలిగారు. డాడ్జర్‌టౌన్ అని పేరుపొందిన ఆ ప్రాంగణంలో 1953లో హోల్మన్ స్టేడియం కట్టారు. 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారినా వసంతంలో ఇక్కడికే వచ్చేది.

2001లో కౌంటీ ప్రభుత్వం ప్రాంగణాన్ని కొని జట్టుకే తిరిగి లీజుకిచ్చింది. అయినప్పటికీ 2008 వసంతం తరువాత డాడ్జర్స్ అరిజోనాలోని కొత్త ప్రాంగణానికి తరలిపోయింది. అభిమానులు ఎక్కువమంది పడమటి తీరంలోనే ఉన్నందువల్ల ఆ నిర్ణయం జట్టుకు లాభసాటి. ఊరికి మాత్రం 60 సంవత్సరాల అలవాటు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ ప్రాంగణం కూలిపోలేదు. 2019లో జాకీ రాబిన్‌సన్ పేరుతో మేజర్ లీగ్ యువ శిక్షణ కేంద్రమైంది. కాని మార్చి నెలలో ఊరంతా కలిసి కూర్చునే జట్టు తిరిగి రాలేదు.

ఇందులోంచి రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. ఒకటి, మైదానం ఊరిది, జట్టు ఊరిది కాదు. గోడలకు పెట్టిన డబ్బు జట్టును కట్టిపడేయలేదు. రెండు, ఊళ్ళు డబ్బు పెట్టేది ఆదాయం కోసమే కాదు. తమది అనుకున్నది తమకు దూరం కాకూడదనే కోరికతో కూడా. ఆ కోరిక తప్పు కాదు. దానికి ఒక విలువ ఉంది. అయితే దానిని ఆదాయపు లెక్కగా చూపించి ప్రజలను ఒప్పించడం సరికాదు. "ఇంత ఖర్చవుతుంది, తిరిగి ఇంతే వస్తుంది, మిగిలినది మన సంతోషం కోసం, సమ్మతమేనా?" అని అడగడమే న్యాయమైన పద్ధతి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 3
పునరుద్ధరణ లేదా కొనుగోలు కోసం ప్రజాధనం వెచ్చించినా జట్టు ఊరిని విడిచిపెట్టవచ్చు. వీరో బీచ్ అనుభవం ఆధారంగా చర్చించండి.

9.8 సారాంశం

వసంతకాల శిక్షణ మేజర్ లీగ్ జట్ల సన్నాహక దశ. బ్రాడెంటన్ మైదానం 1923 నుంచి ఈ అవసరానికి ఉపయోగపడుతోంది. 1993, 2008, 2012-13 సంవత్సరాల్లో జరిగిన మార్పుల్లో కట్టడం చాలావరకు కొత్తదయింది. స్థలమూ, చిన్న పరిమాణమూ నిలిచాయి. జాతి వివక్ష నాటి జ్ఞాపకం కూడా ఆ స్థలానిదే. కొత్త రంగు వేసిన గోడ మీద అది కనిపించదు. తెలుసుకుని వెళ్ళినవారికే కనిపిస్తుంది. ప్రజాధనంతో జరిగే పునరుద్ధరణను మొత్తం రాబడిని బట్టి కాక, ఊరికి నిజంగా వచ్చిన కొత్త రాబడిని బట్టి, ప్రజల ఇష్టాన్ని బట్టి అంచనా వేయాలి.

ఏ మైదానానికి వెళ్ళినా సందర్శకుడు మూడు ప్రశ్నలు వెంట తీసుకువెళ్ళాలి: ఏది మారింది? ఏది మిగిలింది? ఎవరు చెల్లించారు?

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బ్రాడెంటన్ మైదాన పునరుద్ధరణ దశలను వివరించి, అందులో నిలిచిన అంశాలను విశ్లేషించండి.
2. క్రీడా మైదానాల మీద ప్రజాధనం ఖర్చు చేయడాన్ని సమర్థించే, వ్యతిరేకించే వాదనలను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పర్యాటక అభివృద్ధి పన్ను
2. 1950లలో ఫ్లోరిడా శిక్షణ శిబిరాల్లో జాతి వివక్ష
3. వసంతకాల ఆటలకూ అసలు పోటీలకూ మధ్య తేడాలు

III. క్షేత్రకార్యం
మీ మండలంలో లేదా పట్టణంలో ఇటీవల బాగుచేసిన ఒక మైదానాన్ని సందర్శించండి. అక్కడ చాలాకాలంగా ఆడుతున్న పెద్దవారు ఒకరితోనూ, ఇప్పుడు ఆడుతున్న పిల్లలు ఇద్దరితోనూ మాట్లాడండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి రెండు పుటల నివేదిక రాయండి. మరమ్మతుల తరువాత ఆ మైదానంలోకి రాలేకపోతున్నవారు ఎవరైనా ఉన్నారా అన్నది కూడా తప్పక అడగండి.